పోస్టుకార్డు వెనుక గీతకూ లెక్కుంది!

మొవ్వ: మొవ్వ పిన్‌కోడ్ 521135. పొరుగునే ఉన్న కూచిపూడిది 521136. చివరి అంకె ఒక్కటి తడబడితే ఉత్తరం పక్క ఊరికి పోతుంది. వేణుగోపాలస్వామి ఆలయమో, కూచిపూడి నాట్యభంగిమో ముద్రించి చిత్ర పోస్టుకార్డులు వేయించదలచినవారు సాధారణంగా బొమ్మ గురించే ఆలోచిస్తారు. కార్డు గమ్యం చేరడం మాత్రం వెనుక వైపు అమరికపైనే ఆధారపడి ఉంటుంది.

‘వెనుక’ అన్న మాటతోనే చిక్కు మొదలవుతుంది. కొనేవారికి బొమ్మ ఉన్నది ముందు వైపు. తపాలా వారికి చిరునామా ఉన్నదే ముందు వైపు. అందుకే ప్రెస్సుకు ఇచ్చేటప్పుడు ‘చిరునామా వైపు’ అని స్పష్టంగా రాసివ్వాలి.

ప్రపంచంలో తొలి పోస్టుకార్డు 1869లో ఆస్ట్రియా-హంగరీలో వెలువడింది. మన దేశంలో 1879 జులై 1న పావు అణా ధరకు వచ్చింది. ఆనాడు ఒక వైపు మొత్తం చిరునామాకే కేటాయించేవారు. చిత్ర కార్డుపై కబురు రాయాలంటే బొమ్మ పక్కన మిగిలిన చోటే గతి. ఆ వైపును నిలువుగా రెండు భాగాలు చేసేందుకు 1902లో బ్రిటన్ అనుమతించింది. నేటి నడిమి గీతకు మూలం అదే. ఎడమ సగం కబురుకు, కుడి సగం చిరునామాకు.

కార్డు కొలత 140 మిల్లీమీటర్ల వెడల్పు, 90 మిల్లీమీటర్ల ఎత్తు. అంతర్జాతీయ తపాలా నిబంధనల్లో పోస్టుకార్డు కనీస కొలత కూడా ఇదే. గీత సరిగ్గా 70 వద్ద పడాలి. కుడి మూలన స్టాంపుకు 20 వెడల్పు, 25 ఎత్తు గల గడి చాలు. దాని కింద 9 మిల్లీమీటర్ల ఎడంతో నాలుగు చిరునామా గీతలు, అడుగున పిన్‌కోడ్‌కు ఆరు గడులు. ఒక్కోటి 8 మిల్లీమీటర్లయితే మొత్తం 48 అవుతుంది, ఇరువైపులా ఖాళీ మిగులుతుంది. గడులు అలంకారం కాదు. విడివిడిగా రాసిన 5, 6 కలగలిసిపోవు. ఆ ఖాళీలో సంస్థ గుర్తులు, ప్రకటనలు ఇరికించడం తగదు.

అడ్డంగా పెట్టిన ఏ4 కాగితంపై నాలుగు కార్డులు పడతాయి. కార్డుల నడుమ 6 మిల్లీమీటర్లు వదిలితే ఇరుపక్కలా 5.5, పైనా కిందా 12 చొప్పున మిగులుతాయి. రెండో వైపు ముద్రణకు కాగితాన్ని పొట్టి అంచు మీదుగా తిప్పాలి, లేకుంటే అక్షరాలు తలకిందులవుతాయి. ప్రింటర్‌లో ‘ఫిట్ టు పేజ్’ ఎంచుకుంటే కొలతలు కుంచించుకుపోతాయి. ‘యాక్చువల్ సైజ్’ ఎంచుకోవాలి. కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

పేజ్‌మేకర్, అను ఫాంట్ల జోడీ తెలుగునాట డీటీపీ కేంద్రాలకు చిరపరిచితం. అయితే ఆ ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి యూనికోడ్ మేలు. ఉచితంగా లభించే స్క్రైబస్ 1.6లో తెలుగు ఒత్తులు సరిగానే కూర్చుకుంటాయి. దివిసీమకు చెందిన మండలి వెంకటకృష్ణారావు పేరిట సిలికానాంధ్ర అందించిన ‘మండలి’ ఫాంటు కూడా ఉచితమే. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, ఫాంట్లు ఇమిడిన పీడీఎఫ్‌ను ప్రెస్సుకు ఇవ్వడం శ్రేయస్కరం.

కాగితం విషయంలో పొదుపు పనికిరాదు. రెండు వైపులా నునుపు పూత ఉన్న ఆర్ట్ కార్డుపై బొమ్మ మెరుస్తుంది గానీ, పెన్ను సిరా అలుక్కుపోతుంది, తపాలా ముద్రా చెరిగిపోవచ్చు. చిరునామా వైపు పూత లేని రకాన్ని అడిగి తీసుకోవాలి. మొత్తం ముద్రించే ముందు ఒక్క కార్డు కోయించి, బాల్‌పెన్నుతో చిరునామా రాసి, తగిన స్టాంపు అంటించి సొంత ఇంటికే పోస్టు చేసుకోవచ్చు. అది చేరాకే మిగిలినవి వేయించుకోవడం మంచిది.