అవ్వ పచ్చల పతకం... మార్చేముందు ఒక్క మాట!

ఇంట్లో పెళ్లి కుదిరిందంటే చాలు, బీరువా అడుగున పెట్టెలో ఉన్న అవ్వ నెక్లెస్ బయటికొస్తుంది. పతకం మధ్యలో పచ్చ, చుట్టూ రవ్వలు. "ఈ పాతకాలం మోడలు ఇప్పుడెవరు వేసుకుంటారు? ఇచ్చేసి కొత్తది తీసుకుందాం" అంటుంది పెళ్లికూతురు. అంగట్లో రాళ్ల తూకం తీసేసి, తరుగు పోను మిగిలిన బంగారానికే లెక్క కడితే? నష్టపోయేది మనమే!

ఎందుకంటారా? ఆ రవ్వలు మన నేలలో పుట్టినవే కావచ్చు. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాల్లో తొలకరి పడగానే ఇప్పటికీ ఆడామగా సద్ది కట్టుకొచ్చి వజ్రాలు వెతుకుతారు. కర్నూలు దగ్గరి రామళ్లకోట, నంద్యాల జిల్లా బనగానపల్లె, కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఉన్న చెన్నూరు ఒకప్పుడు వజ్రాల గనులకు పేరుపడ్డ ఊళ్లు. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా లోకమంతా ముఖ్యంగా మన దేశం వైపే చూసేది. 'గోల్కొండ వజ్రాలు' అని పేరు వచ్చింది గానీ, గోల్కొండ బేరాలు జరిగే చోటు మాత్రమే. గనులున్నది కృష్ణాతీరంలోనూ, మన సీమలోనూ.

పచ్చ సంగతి వేరు. పాతకాలపు మేలిరకం పచ్చలు చాలావరకు దక్షిణ అమెరికాలోని కొలంబియా గనులవి. 16వ శతాబ్దం నుంచి పోర్చుగీసు వర్తకులు గోవా మీదుగా మన దేశానికి తెచ్చారు. నిజాం నగల్లోనూ ఈ పచ్చలూ, గోల్కొండ వజ్రాలే మెరుస్తాయి. వాటిలో 173 నగల్ని 1995లో కేంద్ర ప్రభుత్వం సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. అది కేవలం బంగారం తూచి కట్టిన వెల కాదు కదా!

మరి మనమేం చేయాలి?

* మార్చేముందు రాళ్లను ల్యాబ్‌లో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోండి. పచ్చగా ఉన్నదల్లా పచ్చ కాదు, గాజురాయీ కావచ్చు.

* 5 క్యారెట్లు కలిస్తే 1 గ్రాము. తూకంలో చిటికెడే అయినా వెలలో ఎంతో తేడా. రాళ్లు విప్పితే మీ కళ్లముందే విప్పించి, మీరే తీసుకోండి.

* పాత నగల్లో రాయి వెనుక రేకు ఉంటుంది. నీళ్లు చేరితే రాయి మసకబారుతుంది. కుంకుడు రసం, వేడినీళ్లు వద్దు. మెత్తటి పొడిబట్టతో తుడిస్తే చాలు. వజ్రం పచ్చను గీస్తుంది కాబట్టి విడిగా గుడ్డలో చుట్టి దాచండి.

* వందేళ్లు దాటిన పనితనపు వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. పురావస్తు శాఖను అడగకుండా అమెరికాలోని అమ్మాయికి పంపకండి.

ఇంకో ముఖ్యమైన మాట. పుట్టింటివారు పెట్టిన నగ స్త్రీధనం. ఉంచాలా, మార్చాలా అన్నది తేల్చాల్సింది ఆమే. ఆ మాట చెప్పేముందు తన మెడలో ఉన్నదేమిటో ఆమెకు తెలిసి ఉండాలి.