సోరియాసిస్: సొంత చర్మంపైనే దాడి

మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో ఎర్రని మచ్చలు, వాటిపై వెండిరంగు పొలుసులు. కంటికి కనిపించేది ఇదే కాబట్టి చాలాకాలం వైద్యులు కూడా సోరియాసిస్‌ను చర్మకణాల జబ్బుగానే చూశారు. మామూలుగా చర్మపు పైపొరలో కణం పుట్టి, పైకి చేరి, రాలిపోవడానికి దాదాపు నెల పడుతుంది. సోరియాసిస్ మచ్చలో అదంతా కొద్దిరోజుల్లోనే జరిగిపోతుంది. ముదరని కణాలు పేరుకుపోయి పొలుసులు కడతాయి.

అసలు కారణం వైపు దారి చూపింది మాత్రం చర్మపు మందు కాదు. సోరియాసిస్‌తోపాటు కీళ్లవాతం కూడా ఉన్నవారికి సైక్లోస్పోరిన్ ఇస్తే చర్మం తేటపడిందని 1979లో ముల్లర్, హెర్మన్ అనే వైద్యులు ప్రకటించారు. మార్పిడి చేసిన అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలను అణచే మందు అది. నిరోధక కణాలకు పుట్టిల్లైన ఎముక మజ్జ మార్పిడి కూడా ఇదే సాక్ష్యం చెప్పింది. ఆరోగ్యవంతుల మజ్జ ఎక్కించుకున్న కొందరిలో సోరియాసిస్ మాయమైంది; సోరియాసిస్ ఉన్న దాతల మజ్జ పొందిన కొందరిలో కొత్తగా మొదలైంది.

మరి టి-కణాలు దేన్ని శత్రువనుకుంటున్నాయి? అన్నిటికన్నా ఆసక్తికరమైన ప్రశ్న ఇదే. సూక్ష్మజీవులను చంపడానికి మన చర్మం ఎల్ఎల్-37 అనే చిన్న ప్రోటీన్‌ను తయారుచేసుకుంటుంది. అది చనిపోయిన కణాల డిఎన్ఎతో జతకట్టి నిరోధక కణాలను రెచ్చగొడుతుందని 2007లో తేలింది. ఓ మోస్తరు నుంచి తీవ్రస్థాయి వరకు జబ్బున్నవారిలో మూడింట రెండు వంతుల మందికి ఈ ప్రోటీన్‌నే గురిచేసుకునే టి-కణాలున్నాయని 2014లో వెల్లడైంది. మనల్ని కాపాడే ప్రోటీనే దాడికి గురవుతోందన్నమాట! గాయమైన చోట ఎల్ఎల్-37 పెరుగుతుంది. గీరుకున్న చోటే కొత్త మచ్చ లేవడానికి ఇదొక కారణం కావచ్చు. 2015లో చర్మానికి రంగునిచ్చే కణాల్లోని మరో ప్రోటీన్ కూడా ఈ జాబితాలో చేరింది. రోగులందరికీ వర్తించే ఒకే లక్ష్యం ఇంకా దొరకలేదు. అయినా సొంత ప్రోటీన్లపై దాడి జరుగుతోందనడానికి ఈ ఆధారాలు బలమైనవే.

టి-కణాల పాత్ర తెలియడం వల్లనే, నిరోధక కణాలు పంపే ఐఎల్-17, ఐఎల్-23 అనే సంకేతాలను అడ్డుకునే ఇంజెక్షన్లు వచ్చాయి. మన దేశంలో బయోకాన్ తయారుచేసిన ఇటోలిజుమాబ్ టి-కణాల మీదే పనిచేస్తుంది. దానికి 2013లో అనుమతి లభించింది. ఇలాంటి ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి.

సోరియాసిస్ అంటువ్యాధి కాదు. ఆ జబ్బున్నవారి పక్కన కూర్చోండి, కలిసి భోంచేయండి. మీకే ఉంటే స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా వాడకండి. వాటిని హఠాత్తుగా ఆపితే జబ్బు చీముపొక్కులతో తిరగబెట్టవచ్చు. ఈ జబ్బుతోపాటు కీళ్లవాతం కూడా ఉండవచ్చు కాబట్టి, పొద్దున లేవగానే కీళ్లు పట్టేస్తుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.