యానాం: ఓడలు వెళ్లిపోయాక మిగిలిన ఫ్రెంచ్ ఊరు

యానాం పేరు చెప్తే మన బ్యాచ్‌లో చాలామందికి గుర్తొచ్చేది ఒక్కటే: అక్కడ మందు చీప్. కాకినాడ, అమలాపురం వైపు నుంచి వచ్చిన ఫ్రెండ్స్‌ని అడిగి చూడండి. ముందు నవ్వుతారు, తర్వాత అదే మాట చెప్తారు. ఎందుకు చీప్ అంటే, "అది పాండిచ్చేరి కదా" అంటారు. అక్కడితో టాపిక్ అయిపోతుంది.

నిజానికి అసలు ప్రశ్న అక్కడే మొదలవ్వాలి. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉంది. ఊళ్లో అందరూ తెలుగే మాట్లాడతారు. మరి ఆ ఊరు దాదాపు 870 కిలోమీటర్ల దూరంలో ఉన్న పుదుచ్చేరిలో భాగం ఎలా అయింది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే మూడు వందల ఏళ్ల కథ వస్తుంది. అందులో ఓడలున్నాయి, మన నిజాం ఉన్నాడు, తుఫానులున్నాయి, దొంగచాటు పెళ్లిళ్లు కూడా ఉన్నాయి.

ముందు మ్యాప్ చూద్దాం

గోదావరి ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలిపోతుంది. తూర్పు వైపు వెళ్లే పెద్ద పాయ పేరు గౌతమి. అది సముద్రంలో కలవడానికి కొంచెం ముందు, దాన్నుంచి కోరింగ అనే చిన్న నది విడిపోతుంది. సరిగ్గా ఆ చీలిక దగ్గర ఉన్న ఊరే యానాం. కాకినాడ నుంచి సుమారు 30 కిలోమీటర్లు. మొత్తం విస్తీర్ణం దాదాపు 30 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల ప్రకారం జనాభా 55,626. అంటే మన ఉప్పల్, నాచారం ఏరియాలో కొన్ని కాలనీలు కలిపితే అంత జనం ఉంటారు.

ఈ చోటు ఎందుకు ముఖ్యం? అప్పట్లో మద్రాసులో గానీ పుదుచ్చేరిలో గానీ ఓడలు లోపలికి వచ్చి ఆగే హార్బర్ లేదు. నడి సముద్రంలోనే లంగరు వేసి, చిన్న పడవల్లో సరుకు ఒడ్డుకు చేర్చేవాళ్లు. కోరింగ దగ్గర మాత్రం నది లోపలికి వచ్చి ఆగొచ్చు, ఓడలు రిపేరు చేసుకోవచ్చు, కొత్తవి కట్టుకోవచ్చు కూడా. వెనకాల గోదావరి జిల్లాల నేత బట్టలు, బియ్యం. నది మీద సరుకు తెచ్చి, అక్కడే ఓడ ఎక్కించేయొచ్చు.

పరాసులు, వలందులు, బుడతకీచులు

మనం ఇప్పుడు ఫ్రెంచ్‌వాళ్లు అంటున్నాం గానీ, పాత తెలుగులో వాళ్లకి ఒక పేరుంది: పరాసులు. హాలండ్ నుంచి వచ్చిన డచ్చివాళ్లు వలందులు. పోర్చుగీసువాళ్లు బుడతకీచులు. తెలుగువాళ్లకి వీళ్లు ఎంత రోజూ కనిపించి ఉంటే ఇలా మన నోటికి తగ్గట్టు పేర్లు పుట్టి ఉంటాయో ఆలోచించండి. మచిలీపట్నంలో పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం అనే పేర్లు ఇప్పటికీ ఉన్నాయి.

తెలుగు నేల మీద ఫ్రెంచ్‌వాళ్లు మొదట దిగింది ఆ మచిలీపట్నంలోనే. 1669లో గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా అనుమతితో అక్కడ వ్యాపార కేంద్రం పెట్టారు. గోల్కొండ అంటే మనకి వీకెండ్‌లో వెళ్లే కోట మాత్రమే. కానీ ఆ రోజుల్లో ఆ రాజ్యానికి సముద్రం వైపు తలుపు మచిలీపట్నం.

యానాంకి వచ్చింది 1723లో. వ్యాపారం సరిగ్గా నడవక 1727లో వదిలేసి వెళ్లిపోయారు. మళ్లీ 1731లో తిరిగొచ్చారు. అప్పటికే దగ్గర్లోని ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు ఉన్నారు. కాకినాడలో భాగమైన జగన్నాథపురం డచ్చివాళ్లది. బస్సులో గంట ప్రయాణం అంత దూరంలో మూడు దేశాల దుకాణాలన్నమాట.

మన హైదరాబాద్ లింక్

1750ల్లో కథ వ్యాపారం నుంచి యుద్ధానికి మారింది. నిజాం కుటుంబంలో వారసత్వం గొడవల్లో సలాబత్ జంగ్‌కి ఫ్రెంచ్ సేనాని బుస్సీ అండగా నిలబడ్డాడు. ఆ సైన్యానికి జీతాలు ఇవ్వాలి కదా. అందుకోసం 1753లో సలాబత్ జంగ్ కోస్తాలోని ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, చికాకోలు సర్కార్ల ఆదాయాన్ని ఫ్రెంచ్‌వాళ్లకి రాసిచ్చేశాడు. చికాకోలు అంటే ఇప్పటి శ్రీకాకుళం. అంటే దాదాపు మొత్తం ఉత్తర కోస్తా.

బొబ్బిలి యుద్ధం అందరం సినిమాల్లో చూశాం. 1757 జనవరి 24న విజయనగరం రాజు వైపు ఫిరంగులతో నిలబడ్డ బుస్సీ ఈ బుస్సీనే. ఆ తర్వాత ఆయన్ని దక్షిణానికి పిలిపించారు. 1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచ్ సైన్యం ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడిపోయింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పోయింది. తెలుగు కోస్తా ఎవరి చేతిలోకి వెళ్లాలో ఆ కొన్ని నెలల్లో తేలిపోయింది.

ఫ్రెంచ్ ప్రభావం హైదరాబాద్‌లో ఇంకో నలభై ఏళ్లు ఉంది. నిజాం దగ్గర ఫ్రెంచ్ దళాన్ని నడిపిన రేమండ్ 1798లో చనిపోయాడు. ఆయన సమాధి మలక్‌పేట వైపు గుట్ట మీద ఉంది. జనం నోట్లో ఆయన పేరు "మూసా రామ్" అయింది, దాన్నుంచే మూసారాంబాగ్ వచ్చింది. మెట్రోలో ఆ స్టేషన్ అనౌన్స్‌మెంట్ రోజూ వింటాం. అది ఒక ఫ్రెంచ్ మనిషి పేరని మాత్రం ఎవరూ చెప్పరు.

మరి యానాం? యూరప్‌లో ఫ్రాన్స్, ఇంగ్లండ్ కొట్టుకున్న ప్రతిసారీ ఇక్కడ ఇంగ్లీషువాళ్లు వచ్చి ఊరు ఆక్రమించేవాళ్లు, అక్కడ సంధి కుదిరాక తిరిగి ఇచ్చేవాళ్లు. చివరికి నెపోలియన్ ఓడిపోయాక, 1814 పారిస్ ఒప్పందం ప్రకారం ఫ్రాన్స్‌కి తిరిగి వచ్చింది. కానీ ఒక షరతు: కోటలు కట్టకూడదు, పోలీసు అవసరానికి మించి సైన్యం ఉంచకూడదు. అంటే ఊరు ఉంటుంది, బలం ఉండదు.

రేవు ఎలా పోయింది

ఇంగ్లీషువాళ్లు చేయలేని పని సముద్రం చేసింది. 1789 డిసెంబర్‌లో వచ్చిన తుఫానులో ఉప్పెన కెరటాలు కోరింగను ముంచేశాయి. మళ్లీ కోలుకుంటున్న టైంలో, 1839 నవంబర్ 25న ఇంకో ఉప్పెన వచ్చింది. సుమారు 40 అడుగుల ఎత్తు అని రాశారు. రేవు, ఊరు, ఓడలు అన్నీ కొట్టుకుపోయాయి. యానాం కూడా దెబ్బతింది. ప్రపంచంలో ఇప్పటివరకు వచ్చిన ఘోరమైన తుఫానుల లిస్టుల్లో ఇది దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం. "సైక్లోన్" అనే ఇంగ్లీషు మాటను పుట్టించింది కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్. బంగాళాఖాతం తుఫానుల రికార్డులు చదువుతూ, గాలి పాములా చుట్ట చుట్టుకుంటుందని గమనించి 1840ల్లో ఆ పేరు పెట్టాడు. ఆయన చదివిన వాటిలో కోరింగ తుఫాను ఒకటి. మనం వెదర్ యాప్‌లో చూసే మాట వెనక మన కోరింగ ఉంది.

తుఫాను ఒక్కటే అయితే రేవు మళ్లీ కట్టుకునేవాళ్లేమో. గోదావరి ప్రతి ఏడాదీ తెచ్చే ఒండ్రు మట్టి నది మొగని పూడ్చేస్తూ వచ్చింది. మరోపక్క ఓడలు పెద్దవవుతున్నాయి. పెద్ద ఓడకి లోతు కావాలి. వ్యాపారం మెల్లగా కాకినాడకి మారిపోయింది. అమెరికాలో 1861లో మొదలైన అంతర్యుద్ధం వల్ల పత్తికి గిరాకీ పెరిగితే ఆ లాభం కూడా కాకినాడకే దక్కింది.

మనుషులే సరుకైన రోజులు

బట్టల వ్యాపారం తగ్గిపోయిన టైంలో ఓడలు ఎక్కింది మనుషులు. హిందూ మహాసముద్రంలో ఫ్రెంచ్‌వాళ్ల రీయూనియన్ దీవిలో చెరకు తోటలకి కూలీలు కావాలి. 1828లో యానాం నుంచి ఒక చిన్న గుంపు తెలుగు కూలీలు "తుర్క్వాజ్" అనే ఓడలో అక్కడికి వెళ్లారు. ఒప్పందం మీద భారతీయ కూలీలు ఆ దీవికి వెళ్లడం అలా మొదలైంది. తర్వాత దశాబ్దాల్లో మారిషస్‌కి, బర్మాకి వేలమంది తెలుగువాళ్లు వెళ్లారు. బర్మాలో తెలుగువాళ్లని "కొరంగీలు" అనేవాళ్లు. కోరింగ రేవు పేరే వాళ్ల పేరయిపోయింది. రేవు చచ్చిపోయాక కూడా దాని పేరు రంగూన్ వీధుల్లో బతికింది. మారిషస్‌లో ఇప్పటికీ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది.

ఒక గీత ఏం చేయగలదు

రేవు పోయింది, సైన్యం లేదు. అయినా యానాం మీద ఫ్రెంచ్ జెండా 1954 దాకా ఎగిరింది. ఆ ఊరికి అసలు విలువ తెచ్చింది దాని చుట్టూ ఉన్న హద్దు. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే వీపీఎన్ లాంటిది: చట్టం ఏమీ మారదు, నువ్వు ఏ చట్టం కింద కనిపిస్తావో అది మారుతుంది.

మంచి ఉదాహరణ పుదుచ్చేరిలో ఉంది. బ్రిటిష్ పోలీసుల నుంచి తప్పించుకోవడానికి 1908లో సుబ్రహ్మణ్య భారతి, 1910లో అరవిందుడు ఇలాంటి హద్దు దాటే ఫ్రెంచ్ నేల మీదకి చేరారు.

యానాం ఉదాహరణ ఇంకో రకం. 1929లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చింది. అమ్మాయికి 14, అబ్బాయికి 18 నిండకుండా పెళ్లి చేస్తే నేరం. అది 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. యానాంలో ఫ్రెంచ్ పాలన కాబట్టి ఆ చట్టం వర్తించదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల నుంచి కుటుంబాలు చిన్నపిల్లల్ని తీసుకుని, ఏరు దాటి వచ్చి పెళ్లిళ్లు చేసి వెళ్లిపోయేవి. యానాంకి "కల్యాణపురం" అనే పేరు అలా వచ్చింది. పేరు వింటే ఎంత అందంగా ఉందో కదా! టూరిజం రాతల్లో దీన్ని సరదా విషయంలా చెప్తుంటారు. ఆ పెళ్లిపీటల మీద కూర్చున్న పదేళ్ల, పన్నెండేళ్ల అమ్మాయిల వైపు నుంచి ఆలోచిస్తే సరదా ఏమీ ఉండదు. వాళ్లని కాపాడటానికి వచ్చిన చట్టం కొన్ని మైళ్ల దూరంలో ఆగిపోయింది. ఒకే గీత కవికి ఆశ్రయం ఇచ్చింది, అమ్మాయిల చదువుకి ఫుల్‌స్టాప్ కూడా పెట్టింది. ఆ గీతను ఎవరు వాడుకుంటున్నారన్న దాని మీదే అంతా ఉంది.

1954: గీత చెరిగింది, పూర్తిగా కాదు

స్వాతంత్ర్యం వచ్చిన 1947లో, అక్టోబర్‌లో మచిలీపట్నంలోని చిన్న ఫ్రెంచ్ స్థలాన్ని ఫ్రాన్స్ ఇండియాకి ఇచ్చేసింది. యానాం మాత్రం ఇంకో ఏడేళ్లు ఆగింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఉద్యమకారులు ఊళ్లోకి వచ్చి పాలనను చేతిలోకి తీసుకున్నారు. ఈయన ఒకప్పుడు ఫ్రెంచ్ ఇండియా పోలీసు శాఖలోనే పనిచేసిన మనిషి. పుదుచ్చేరి ఇంకా ఫ్రెంచ్ చేతిలో ఉండగానే యానాం విడుదలైంది.

మిగతా తేదీలు ఇవి: 1954 నవంబర్ 1న ఫ్రెంచ్ స్థావరాల పాలన అధికారికంగా ఇండియా చేతికి వచ్చింది. 1956 మే 28న విలీన ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అది చట్టపరంగా అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. ఈ ఒప్పందంలోనే, ప్రజల ఇష్టం తెలుసుకోకుండా ఈ ప్రాంతాల హోదా మార్చకూడదని రాసుకున్నారు. పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాం కలిపి 1963లో ఒక కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి.

మన మొదటి ప్రశ్నకి జవాబు ఇదే. యానాం నుంచి పుదుచ్చేరి అసెంబ్లీకి ఒక ఎమ్మెల్యే వెళ్తాడు. కేసు పై కోర్టుకి వెళ్తే అది మద్రాసు హైకోర్టు. పన్నులు పుదుచ్చేరి ప్రభుత్వం వేసేవి, అందుకే మందు రేటు తక్కువ. పిన్‌కోడ్ మాత్రం కాకినాడ వైపు నంబరే: 533464.

వెళ్తే ఏం చూడాలి

సికింద్రాబాద్‌లో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున కాకినాడ. రైలు పేరు కూడా ఆ నదిదే. యానాంలో రైల్వే స్టేషన్ లేదు, కాకినాడ నుంచి బస్సు.

పాండిచ్చేరిలా పసుపు గోడల ఫ్రెంచ్ వీధులు ఉంటాయనుకుని వెళ్తే డిసప్పాయింట్ అవుతారు. ఫ్రెంచ్ కాలం నుంచి బాగా నిలబడి ఉన్నది 1846 నాటి సెయింట్ ఆన్ చర్చి. 1839 ఉప్పెన తర్వాత ఏడేళ్లకే కట్టారని గుర్తుపెట్టుకుని చూడండి. మీసాలతో ఉండే వేంకటేశ్వర స్వామిని ఊరంతా మీసాల వెంకన్న అంటారు. గౌతమి ఒడ్డున సాయంత్రం నడవడానికి బాగుంటుంది. ఎదురుగా కోనసీమకి వెళ్లే జీఎంసీ బాలయోగి వారధి కనిపిస్తుంది. ఈఫిల్ టవర్‌ని గుర్తుచేసే కొత్త టవర్ సెల్ఫీలకి ఓకే. "ఫ్రాన్స్‌తిప్ప" అని పేరున్న ఊరి బోర్డు నాకైతే దానికంటే ఎక్కువ చెప్తుంది.

కాకినాడ, యానాం రోడ్డు మీదే కోరింగ వస్తుంది. ఇప్పుడు అందరికీ అది మడ అడవుల అభయారణ్యం, చెక్క బ్రిడ్జి మీద నడిచే చోటు. బస్సు అక్కడ ఆగితే దిగి ఒక గంట ఉండండి. ఒకప్పుడు ఓడల్ని బాగుచేసిన, వేలమందిని సముద్రం దాటించిన రేవు ఇదే. దాని చుట్టూ ఎవరూ గీత గీయలేదు కాబట్టి అది మామూలు పల్లె అయిపోయింది. మ్యాప్‌లో యానాంకి వేరే రంగు ఎందుకుందో కోరింగ దగ్గర నిలబడితే ఇంకా బాగా అర్థమవుతుంది.