మరమేకు విఱుగుట యేల?

నిరుడు మా వీథితలుపు బందులకు ఇత్తడి మరమేకులను నేనే బిగింపగా రెండు విఱిగినవి. లోహమును నిందించితిని. మా వృద్ధవడ్రంగి నవ్వి, "పంతులుగారూ! తప్పు మేకుది కాదండీ, దారి చేయని చేతిది" అనెను.

గట్టికొయ్యలో దారి లేనిచో మొన కదలదు. తల మాత్రము తిరుగును. ఆ మెలిక యంతయు మరలు మొదలగు సన్ననిచోట చేరి మేకును త్రుంచును.

కావున ముందుగా బరమాతో, మరలను విడిచి నడిమికాడ యెంత లావో యంత రంధ్రమును, పైభాగమున నునుపుమెడ పట్టునంత వెడల్పును తొలువవలెను. మరలకు మైనము పూయవలెను. సబ్బు తేమను చేర్చి ఇనుమునకు త్రుప్పు పట్టించును. ఇత్తడి మెత్తనిది గనుక అదే కొలత యినుపమేకును ముందు దింపి తీసి, పిదప దానిని బిగింపవలెను. నడుమ బిగిసినచో బలము చూపక వెనుకకు త్రిప్పవలెను.

బడిలో ఎందఱు బాలురను దారి చేయకయే బిగించితినో యని ఆ రాత్రి నాకు నిద్ర పట్టదయ్యెను.