ఈమెయిలు చిరునామాకు గురుతుమాట

మన సభ్యులలో ననేకులకు నిప్పుడు ఉత్తరములు ఈమెయిలు మూలమున వచ్చుచున్నవి. విత్తనముల వర్తకులును, యంత్రముల వర్తకులును ఎడతెగక పంపు ప్రకటనల నడుమ అప్పు వాయిదా నోటీసు కంటబడనిచో, సకాలమున చెల్లించినవారికి దక్కు వడ్డీ రాయితీ చేజారును. ధాన్యమునుండి తాలును వేరుచేయునట్లు వీనిని వేరుచేయుట కొక సులభోపాయము గలదు.

జీమెయిలు మొదలగు కొన్ని సేవలలో, చిరునామాయందలి @ గుర్తునకు ముందు + గుర్తు నుంచి, దానివెంట నొక మాట చేర్పవచ్చును. ఒకరి చిరునామా 'కర్షక@జీమెయిల్.కామ్' అనుకొందము. వర్తకునకు 'కర్షక+విత్తనము@జీమెయిల్.కామ్' అనియు, సంఘమునకు 'కర్షక+సంఘము@జీమెయిల్.కామ్' అనియు ఆంగ్లలిపిలో వ్రాసి యియ్యవలెను. క్రొత్త ఖాతా తెరువ నక్కరలేదు. రెండును ఒకే పెట్టెకు చేరును.

పిమ్మట సెట్టింగులలో 'ఫిల్టరు' ఏర్పరచి, 'టు' అనుచోట గురుతుమాటతోడి చిరునామాను వ్రాయవలెను. విత్తనపు టుత్తరములు ఇన్‌బాక్సునకు రాక తమ లేబులు క్రిందనే నిలుచునట్లును, సంఘపు టుత్తరములు ముఖ్యమైనవిగా నగపడునట్లును ఆజ్ఞాపింపవచ్చును. విత్తనపు గురుతుతో అపరిచితు డెవడేని వ్రాసినచో, మన చిరునామా యెచ్చటనుండి పొక్కెనో తెలియును.

ఇందు లోపములును గలవు. కొన్ని దరఖాస్తు ఫారములు + గుర్తును అంగీకరింపవు. మోసగాడు గురుతును తొలగించి వ్రాయగలడు. ఇది బస్తాపై వేసిన గుర్తే కాని గాదెకు వేసిన తాళము కాదు. ఎవరికే మాట యిచ్చితిమో పద్దు పుస్తకమున వ్రాసికొనవలెను. చందా మానునపుడు అదియే కావలసివచ్చును.

కావున సభ్యులు మొదట సంఘమున కిచ్చిన చిరునామాను సరిచూచుకొందురుగాక యని కోరుచున్నాము.