హిందీ మీడియం నుంచి పేటీఎం దాకా: విజయ్ శేఖర్ శర్మ కథ

బీటెక్ ఫస్టియర్‌లో జవాబు తెలిసినా, ఇంగ్లీష్‌లో చెప్పాలంటే నోరు మెదపని బ్యాచ్ నాది. అందుకే ఈ కథ నాకు ఇష్టం.

విజయ్ శేఖర్ శర్మది అలీగఢ్. హిందీ మీడియం. ఢిల్లీలో ఇంజనీరింగ్‌కి వెళ్తే క్లాసులో ఏమీ అర్థం కాలేదు. ఒకే పుస్తకాన్ని హిందీలో, ఇంగ్లీష్‌లో పక్కపక్కన పెట్టుకుని చదివి నేర్చుకున్నారు.

2000లో వన్97 కంపెనీ, 2010లో పేటీఎం. మొదట్లో అది ఉత్త రీఛార్జ్ సైట్! 2016 నోట్ల రద్దుతో టీకొట్టు దాకా వెళ్లింది.

కానీ 2021 ఐపీఓలో 2,150 రూపాయల షేరు, లిస్టయిన రోజే 27 శాతం పడింది. 2024 జనవరిలో రూల్స్ పాటించలేదని పేటీఎం పేమెంట్స్ బ్యాంక్‌పై ఆర్‌బీఐ ఆంక్షలు పెట్టింది.

నాకు అర్థమైంది ఇదీ: భాష రాకపోతే మెల్లగా నేర్చుకోవచ్చు. జనం డబ్బు చేతిలో పెట్టుకుని రూల్స్ మెల్లగా నేర్చుకుంటానంటే కుదరదు. మీరేమంటారు?