ఎత్తిపోతల ముందు కెమెరా, కలం

రండర్రా పిల్లలూ, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. సెలవుల్లో ఎత్తిపోతల వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. చిన్నాడు ఫొటోలు తీస్తాడట, బుజ్జమ్మ చూసిందంతా రాసుకొస్తుందట. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచీ నాకు ఎంత సంతోషంగా ఉందో! బయల్దేరే లోపు మీకు ఆ నీళ్ల సంగతులు నాలుగు చెప్పాలి. అవి తెలిసి చూస్తే ఫొటోకీ రాతకీ కావలసిన సరుకు మీ కంటికే దొరుకుతుంది.

మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో, సాగర్‌కి 11 కిలోమీటర్ల ఇవతల ఉంటుంది ఎత్తిపోతల. చంద్రవంక, నక్కల వాగు, తుమ్మల వాగు కలిసి వచ్చి అక్కడ 70 అడుగుల ఎత్తు నుంచి లోయలోకి దూకుతాయి. అక్కణ్ణుంచి దాదాపు మూడు కిలోమీటర్లు కొండల మధ్య పారి కృష్ణలో కలుస్తాయి. పక్కనే దత్తాత్రేయ స్వామి గుడి, మొసళ్ల పెంపక కేంద్రం ఉన్నాయి. మనం లోయకి ఇవతలి గట్టు మీద నిలబడి ఎదురుగా జలపాతాన్ని చూస్తాం. మనం నిలబడే చోటు ఎత్తులో ఉందని గుర్తుపెట్టుకోండి, తర్వాత దానితో పనుంది.

చిన్నాడా, ముందు నీకో లెక్క. 70 అడుగులంటే సుమారు 21 మీటర్లు. గాలి అడ్డును పక్కన పెడితే, పై అంచు దాటిన నీటి చుక్క మడుగులో పడటానికి రెండు సెకన్లు పడుతుంది. కిందికి చేరేసరికి దాని వేగం సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 70 కిలోమీటర్ల పైమాటే. మాచర్ల రోడ్డు మీద బస్సు పోయేంత వేగం. ఇప్పుడు నీ ఫోను సంగతి చూద్దాం. ఫొటో తీసినప్పుడు అది వెలుతురును ఎంతసేపు లోపలికి తీసుకుంటుందో దాన్ని షట్టర్ స్పీడ్ అంటారు. సెకనులో వెయ్యో వంతు పెట్టావనుకో, ఆ కాస్త సమయంలో చుక్క రెండు సెంటీమీటర్లే జరుగుతుంది. గట్టు మీద నుంచి తీసిన ఫొటోలో అది కదిలినట్టే ఉండదు. చుక్క చుక్కగా, ముక్క ముక్కగా, ఆగిపోయిన నీళ్లు కనిపిస్తాయి. ముప్ఫయ్యో వంతు పెడితే అదే చుక్క 70 సెంటీమీటర్ల గీత గీస్తుంది. పావు సెకను పెడితే ఐదు మీటర్ల గీత. గీతలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి జలపాతం మొత్తం నున్నటి తెల్లటి పట్టుబట్టగా మారిపోతుంది.

నీ కళ్లతో ఎప్పుడైనా ఆగిపోయిన చుక్కను చూశావా? పట్టుబట్టను చూశావా? రెండూ చూసి ఉండవు. కంటికి కనిపించేది ఆ రెంటికీ మధ్యన ఎక్కడో ఉంటుంది. కాబట్టి షట్టర్ తిప్పేటప్పుడు నువ్వు ఏం చెప్పదలుచుకున్నావో ముందు తేల్చుకోవాలి. వానాకాలంలో చంద్రవంక విరుచుకుపడే ఊపు చూపించాలంటే వేగంగా తియ్యి. పొద్దున్నే జనం లేని ప్రశాంతత చూపించాలంటే నిదానంగా తియ్యి. నిదానంగా తీసేటప్పుడు ఫోను చేత్తో పట్టుకోకు, స్టాండు మీద పెట్టు. నడి మధ్యాహ్నం వద్దు, వెలుతురు ఎక్కువై ఫొటో తెల్లగా కాలిపోతుంది. తెల్లవారుజామో, సాయంత్రమో మంచిది.

నీళ్లకి రంగు లేదు కదా తాతయ్యా, మరి పడేటప్పుడు తెల్లగా ఎందుకుంటాయి? మంచి ప్రశ్న వేశావు బుజ్జమ్మా. పడే నీళ్లు గాలిని కలుపుకుని లక్షల బుడగలుగా, తుంపరలుగా విడిపోతాయి. ప్రతి బుడగ అంచు దగ్గరా వెలుతురు వంగుతుంది, తిరిగి ఎగురుతుంది. సూర్యుడి వెలుగులోని రంగులన్నీ సమంగా చెదిరి మళ్లీ కలిసి మన కంటికి వస్తాయి కాబట్టి తెలుపు కనిపిస్తుంది. ఆ తెలుపు ఫోనుని తికమక పెడుతుంది. ఎదురుగా ఏమున్నా అది సగటున బూడిదరంగే అనుకుని వెలుతురును సరిచేయడం కెమెరా అలవాటు. చట్రం నిండా నురగ ఉంటే దాన్ని మసకబారుస్తుంది. చట్రం నిండా నల్లటి కొండరాయి ఉండి నురగ కొంచెమే ఉంటే, ఆ నురగ వివరాలన్నీ పోయి వట్టి తెల్ల మరకగా మిగులుతుంది. అందుకని తెర మీద నురగ ఉన్న చోట వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని పైకీ కిందికీ జరిపి చూడు. నురగలో మడతలు కనిపించే దగ్గర ఆగు.

ఇంద్రధనుస్సు కావాలా? అయితే దాని కోసం జలపాతంలో వెతక్కండి, ముందు మీ నీడను వెతకండి. సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి. మీ తల నీడ పడే దిక్కు నుంచి 42 డిగ్రీల దూరంలో ఎటు చూసినా, అక్కడ తుంపర ఉంటే చాలు, ధనుస్సు ఉంటుంది. ఎరుపు బయటి అంచున, ఊదా లోపలి అంచున. సూర్యుడు 42 డిగ్రీల కంటే పైకి ఎక్కాక నేల మీద నిలబడ్డవాళ్లకి వానలో ధనుస్సు కనిపించదు. ఎత్తిపోతల దగ్గర మనం గట్టు మీద నిలబడి కిందికి చూస్తాం అన్నాను కదా, ఆ ఎత్తు ఇక్కడ పనికొస్తుంది. సూర్యుడు పైకి వచ్చినా లోయలోంచి లేచే తుంపరలో ధనుస్సు మన కాళ్ల దిగువన దొరకవచ్చు.

ఇంకో సంగతి. మీరిద్దరూ పక్కపక్కన నిలబడి చూసినా, ఇద్దరూ చూసేది ఒకే ధనుస్సు కాదు. చిన్నాడి కంటికి ఎరుపు పంపిన చుక్క వేరు, బుజ్జమ్మ కంటికి పంపిన చుక్క వేరు. ఎవరి ధనుస్సు వాళ్లదే. బుజ్జమ్మా, వంద మంది చూసిన జలపాతం గురించి కొత్తగా రాయడానికి ఏముంది అని ఎప్పుడైనా దిగులు కలిగితే ఈ మాట తలుచుకో. నీ కంటికి చేరిన వెలుతురు ఇంకెవరికీ చేరలేదు.

ఇక కెమెరాకి చిక్కని సంగతులకి వద్దాం. ఇవి బుజ్జమ్మ వంతు.

జలపాతం మధ్యలో ఒక చోట చూపు నిలిపి ఒక నిమిషం అలాగే చూడు. తర్వాత చటుక్కున పక్కనున్న కొండరాతి మీదికి చూపు తిప్పు. రాయి మెల్లగా పైకి పాకుతున్నట్టు కనిపిస్తుంది! పాకుతున్నట్టే ఉంటుంది, ఉన్న చోటు మాత్రం వదలదు. 1834లో రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన స్కాట్లండ్‌లో ఫాయర్స్ జలపాతం దగ్గర దీన్ని గమనించి రాశాడు. మన మెదడులో కిందికి జరిగేదాన్ని పసిగట్టే కణాలు కొన్ని, పైకి జరిగేదాన్ని పసిగట్టేవి కొన్ని ఉన్నాయి. తాడు లాగే పోటీలో రెండు జట్లూ సమానంగా లాగితే తాడు కదలనట్టు, ఇవి రెండూ సరితూగినప్పుడు మనకి వస్తువు నిలకడగా కనిపిస్తుంది. నిమిషం పాటు కిందికి పడే నీళ్లనే చూస్తే ఒక జట్టు అలసిపోతుంది, రాయిని చూడగానే రెండో జట్టుది పైచేయి అవుతుంది. ఎంత ఖరీదైన కెమెరా తెచ్చినా రాయి పైకి పాకడాన్ని ఫొటో తీయలేదు. ఒక్క వాక్యం మాత్రం దాన్ని పట్టుకోగలదు.

చప్పుడూ అంతే. కళ్లు మూసుకుని విను. జలపాతం హోరు ఒకటే మోత అనిపిస్తుంది గానీ, అందులో సన్న గొంతులూ బొంగురు గొంతులూ కలిసి ఉంటాయి. నీళ్లలో చిక్కిన గాలి బుడగలు ముడుచుకుని, విప్పుకుని మోగుతాయి. శాస్త్రవేత్త మినార్ట్ 1933లో దీని లెక్క తేల్చాడు. ఒక మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న బుడగ సెకనుకు 3,000 సార్లకు పైగా కంపిస్తుంది, దాని గొంతు సన్నం. ఐదు మిల్లీమీటర్లదైతే సుమారు 650 సార్లు, గొంతు లావు. రాళ్ల మీద చిట్లే సన్న పాయ దగ్గర ఏ గొంతు వినిపిస్తోంది, మడుగులోకి నేరుగా పడే లావు ధార దగ్గర ఏ గొంతు? విని, నీకు వినిపించిందే రాయి.

నీళ్లు పడగా పడగా వేడెక్కుతాయా అని కూడా ఒకాయన అడిగాడు. ఆయన జేమ్స్ జూల్ అనే శాస్త్రవేత్త. 1847లో ఆయనకి పెళ్లయింది. ఆ వేసవిలో ఆల్ప్స్ కొండల దగ్గర పొడవాటి థర్మామీటరు పట్టుకుని జలపాతాల వెంట తిరుగుతూ తనకు ఎదురుపడ్డాడని విలియం థామ్సన్ అనే మరో శాస్త్రవేత్త తర్వాత రాసుకున్నాడు. పడే నీటి వేగం కింద వేడిగా మారాలని జూల్ లెక్క. ఆయన లెక్క ప్రకారం మన ఎత్తిపోతల నీళ్లు కిందికి చేరేసరికి వేడెక్కేది డిగ్రీలో ఇరవయ్యో వంతు. చేతికి తెలియనే తెలియదు. అయినా తుంపర మొహాన పడితే చల్లగా ఉంటుందేం? ఆ సన్న చుక్కలు ఆవిరయ్యేటప్పుడు మన ఒంటి వేడిని తీసుకుపోతాయి. పల్నాడు ఎండలో ఆ చల్లదనం ఎంత హాయో మీకే తెలుస్తుంది.

మొసళ్ల మాట మరిచిపోలేదులే. కంచె దాటొద్దు, రాళ్లు విసరొద్దు, ఫొటో కోసం అంచుకి పోవద్దు. మొసలి గట్టు మీద నోరు బార్లా తెరుచుకుని కదలకుండా పడుకుని ఉంటే, ఫొటో కింద వేటకు సిద్ధమైన మొసలి అని రాసేస్తారు చాలామంది. ఎండ కాచుకునే మొసలి ఒళ్లు మరీ వేడెక్కినప్పుడు, నోటి లోపలి తడి ఆరి తల చల్లబడాలని అలా నోరు తెరుస్తుంది. ఆ సంగతి తెలిసినవాడు ఫొటో కింద నిజం రాస్తాడు. నిజం రాస్తే బొమ్మ విలువ పెరుగుతుంది.

ఫొటో తీసిన చోటు, తేదీ, వేళ తప్పకుండా రాసిపెట్టండి. అది ఎందుకో సాగర్ వెళ్లినప్పుడు తెలుస్తుంది. ఇప్పుడు సాగర్ జలాశయం ఉన్న చోట ఒకప్పుడు ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉండేది. 1955లో ఆనకట్టకి శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోయే లోపు, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవాళ్లు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో అక్కడంతా తవ్వారు. తవ్వకాల్లో ఫొటో తీసేవాళ్లు కొలబద్ద పక్కన పెట్టి తీస్తారు, ఏది ఎక్కడ ఎంత లోతులో దొరికిందో రాసుకుంటారు. దొరికిన శిల్పాల్ని, కొన్ని కట్టడాల్ని కొండ మీదికి చేర్చారు, ఆ కొండే ఇప్పుడు దీవి. మునిగిన లోయ ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఆ ఫొటోలూ ఆ రాతలే మనకి దిక్కు. మీరు రేపు తీసే ఫొటోలో చంద్రవంక ఈ ఏడు ఎంత పారిందో ఉంటుంది. ముప్ఫయ్యేళ్ల తర్వాత ఎవరికో అది కావాలి.

గమనించడం శాస్త్రవేత్తలకే పరిమితం అనుకోకండి. మన పల్నాడు బిడ్డ, వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గారు గబ్బిలాన్ని చూశారు. అది పాత గుళ్లలో చూరు పట్టుకుని వేలాడుతుంది, ఎవరూ అడ్డగించరు. మనిషినేమో కులం పేరు చెప్పి గుడి బయటే నిలబెట్టారు. ఆ గబ్బిలంతోనే శివుడికి కబురు పంపించే కావ్యం రాశారాయన. ఆ గబ్బిలం ఎక్కడ ఉంటుందో, ఎక్కడికి పోగలదో తెలిసి రాసింది కాబట్టి ఆ కోపమూ ఆ దుఃఖమూ అంత గట్టిగా తగులుతాయి.

ఇక పెద్దవాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు పిల్లల కార్యక్రమం నడిపేవారు. తెలుగు పిల్లలందరికీ వాళ్లు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. పిల్లల చేతే పాడించారు, పిల్లల చేతే మాట్లాడించారు. 1945లో బాల అనే పత్రిక పెట్టారు. ముళ్లపూడి వెంకటరమణ గారి మొదటి కథ ఆ ఏడే అందులో అచ్చయింది, అప్పటికి ఆయనకి 14 ఏళ్లు. ఆ వయసులో తన పేరు అచ్చులో చూసుకున్న పిల్లవాడికి ఎంత ధైర్యం వచ్చి ఉంటుందో ఆలోచించండి. ఫొటో విద్యలోనూ అలాంటివారు ఉన్నారు. కోరుట్లలో పుట్టిన బండి రాజన్‌బాబు గారు పేరుమోసిన ఫొటోగ్రాఫర్ అయ్యాక హైదరాబాదులో ఎందరో కుర్రవాళ్లకి ఆ విద్య నేర్పారు.

కాబట్టి అమ్మానాన్నలూ, మాస్టార్లూ, పిల్ల రాసుకొచ్చిన కాగితం చేతికి రాగానే ఎర్ర పెన్ను తీయకండి. జలపాతం పాలధారలా ఉంది అని రాస్తే తప్పు పట్టకండి, చక్కటి మాట మీరు అందించనూ వద్దు. ఏ వేళప్పుడు చూశావమ్మా? ఎండ ఎటు నుంచి పడుతోంది? దగ్గరికి వెళ్తే చప్పుడు మారిందా? అని అడగండి. పిల్లకి జవాబు తెలిస్తే ఆ జవాబే తర్వాతి వాక్యం. తెలియకపోతే మళ్లీ వెళ్లి చూడాలనిపిస్తుంది. ఫొటో తెచ్చిన పిల్లాణ్ణీ అలాగే, ఇక్కడే ఎందుకు నిలబడ్డావురా అని అడగండి. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కునే పిల్లాడు రెండోసారి వేరే చోట నిలబడతాడు.

మరి మీ ఇద్దరికీ పని చెబుతున్నాను, వినండి. గట్టు మీదికి చేరగానే ఫోను తీయొద్దు, పుస్తకం తెరవొద్దు. పది నిమిషాలు ఊరికే చూడండి, వినండి. తర్వాత చిన్నాడు ఒకే చోట నుంచి మూడు షట్టర్ వేగాలతో మూడు ఫొటోలు తీయాలి. బుజ్జమ్మ ఆ ఫొటోల్లో పడని మూడు సంగతులు రాయాలి. మర్నాడు ఇద్దరూ పనులు మార్చుకోవాలి. తిరిగి వచ్చాక మూడేసి ఫొటోలూ, మూడేసి వాక్యాలూ నా ముందు పెట్టండి. ప్రతి ఒక్కదాని గురించీ అడుగుతాను, ఎన్ని గంటలు పట్టినా సరే.